రేవు ముఖమున దారి ఎవరిది?

చిలమత్తూరు మండలములోని కొడికొండ చెక్‌పోస్టు వద్ద నిలిచి, హైదరాబాదు - బెంగుళూరు జాతీయ రహదారిని కొంతసేపు పరిశీలించినచో ఒక విషయము తెలియును. సరకు నిండిన లారీ వేగముగా వచ్చుచుండగా, గొఱ్ఱెల మందను దాటించవలసిన కాపరి తన మందను అడ్డగించి ప్రక్కన నిలుచును. చట్టము ఎవరికి ఏ హక్కు ఇచ్చినదో అతడు చదివియుండకపోవచ్చును. కాని లారీ తలచినంతనే ఆగజాలదనియు, తన మందను తాను ఆపగలననియు అతడు ఎరుగును. అంత మాత్రముచేత లారీ నడుపువానికి బాధ్యత లేకపోలేదు. మంద అప్పటికే దారిలోనికి వచ్చియున్నచో వేగము తగ్గించి ఆగవలసినవాడు అతడే. ఈ రెండు జాగ్రత్తలును కలిసినప్పుడే రహదారి క్షేమముగా ఉండును.

చిలమత్తూరు, హిందూపురము, పెనుకొండ ప్రాంతముల విద్యార్థులకు సముద్రము బహుదూరము. వానలు కురిసిన ఏడు చెరువు నిండుటయే అక్కడ విశేషము. ఐనను, పైన చెప్పిన ప్రశ్నయే మన తీరమున విశాఖపట్టణము రేవు ముఖమున ప్రతిదినమును ఎదురగుచుండును. ఒక వైపునుండి రెండువందల మీటర్లకు మించిన పొడవు గల సరకు ఓడ రేవులోనికి వచ్చుచున్నది. మరియొక వైపునుండి తెరచాప ఎత్తిన చిన్న పడవ దాని దారికి అడ్డముగా పోవుచున్నది. ఎవరు ఎవరికి దారి ఇయ్యవలెను?

"తెరచాప పడవకు యంత్రపు ఓడ దారి ఇయ్యవలెను" అని చాలమంది సమాధానము చెప్పుదురు. విశాల సముద్రములో ఈ సమాధానము సరియైనదే. రేవులోనికి పోవు ఇరుకు కాలువలో మాత్రము ఇది తప్పు. ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమైన తప్పు. ఒకే నీటిపై రెండు చోట్ల రెండు విధములుగా ఏల ఉండవలెను? దీనికి సమాధానము కేవలము న్యాయశాస్త్రములో దొరకదు. ఉన్నత పాఠశాలలో చదువుకొను న్యూటన్ సూత్రములలోను, ద్రవపదార్థముల ధర్మములలోను దొరకును.

నియమములు పుట్టిన విధము

ఓడలన్నియు గాలితోనే నడచిన కాలములో ఈ ప్రశ్న ఇంత తీవ్రముగా లేదు. అన్నిటికిని గాలియే ప్రభువు. పందొమ్మిదవ శతాబ్దములో ఆవిరి ఓడలు పెరిగిన తరువాత చిక్కు వచ్చినది. ఆవిరి ఓడ గాలికి ఎదురుగా పోగలదు, కోరిన వైపునకు తిరుగగలదు, వెనుకకు కూడ నడువగలదు. తెరచాప ఓడకు ఇవి సాధ్యము కావు. 1840లో ఇంగ్లండులోని ట్రినిటీ హౌస్ అను సంస్థ ఆవిరి ఓడలకు కొన్ని నియమములను ఏర్పరచెను. 1863లో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వములు ఉమ్మడి నియమావళిని అంగీకరించగా, త్వరలోనే అనేక దేశములు దానిని అనుసరించెను. 1889లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ సభ దానిని సవరించెను. 1960లో మరల సవరణ జరిగినది. ఇప్పుడు అమలులో ఉన్నది 1972లో లండనులో కుదిరిన ఒడంబడిక. అది 1977 జూలై 15 నుండి అమలులోనికి వచ్చినది. భారతదేశములో 1975లో ఈ నియమములు చట్టబద్ధముగా ప్రకటింపబడినవి.

ఈ నియమావళిలో గమనింపదగిన విశేషము ఒకటి కలదు. అది ఏ నావకును "ఈ దారి నీది" అని హక్కు ఇచ్చి ఊరకుండదు. ఇద్దరికిని విధులనే నిర్ణయించును. ఒక నావ తొలగిపోవలెను. అది ముందుగానే, స్పష్టముగా తొలగవలెను. రెండవ నావ తన దిశను, వేగమును మార్చక నిలుపుకొనవలెను. అట్లు నిలుపుకొన్నచో మొదటి నావకు లెక్క తప్పదు. మొదటిది తొలగుట లేదని తెలిసినప్పుడు రెండవది తానే తప్పుకొనవచ్చును. మొదటిది ఒక్కటే ప్రయత్నించినను ప్రమాదము తప్పదన్నంత దగ్గరకు వచ్చినప్పుడు, రెండవది తప్పక తన ప్రయత్నము చేయవలెను. కావున "నాకు హక్కు ఉన్నది" అని కన్నులు మూసికొని పోవుటకు ఎవరికిని వీలు లేదు.

ఎవరు తొలగవలెను అనుటకు సామాన్య సూత్రము ఇది: సులభముగా కదలగల నావ, కదలలేని నావకు దారి ఇయ్యవలెను. అందుచేతనే యంత్రముతో నడచు ఓడ, అదుపు తప్పిన ఓడకును, త్రవ్వకము వంటి పనిలో చిక్కుకొన్న ఓడకును, వలలు వేసి చేపలు పట్టుచున్న నావకును, తెరచాప పడవకును దారి ఇయ్యవలెనని పదునెనిమిదవ నియమము చెప్పుచున్నది. తెరచాపకు దొరకిన ఈ ప్రాధాన్యము దానిని గౌరవించి ఇచ్చినది కాదు. దాని అశక్తతను చూచి ఇచ్చినది.

తెరచాప పడవ చేయలేని పని

తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోజాలదు. గాలి వచ్చు దిశకు ఇరువైపుల సుమారు 45 డిగ్రీల వరకు దానికి నిషిద్ధ ప్రాంతము. ఆ దిశలో పోవలసి వచ్చినచో, ఒకమారు గాలిని ఎడమ ప్రక్క, ఒకమారు కుడి ప్రక్క తీసికొనుచు, కొండ ఎక్కు బాట వలె మలుపులు తిరుగుచు పోవలెను. దూరమునుండి చూచువానికి ఆ పడవ ఎటు పోవుచున్నదో తోచదు. ఇప్పుడు ఎడమకు పోవుచున్న పడవ మరుక్షణము కుడికి తిరుగవచ్చును.

రెండవ కష్టము, గాలి ఆగినచో పడవ ఆగును. పెద్ద ఓడ ఒక గోడ వంటిది. గాలి వచ్చు వైపున అది అడ్డము వచ్చినచో, దాని చాటున నున్న పడవకు గాలి అందదు. చెట్టు చాటున నిలిచినవానికి ఎండ తగలనట్లే, ఇక్కడ గాలి తగలదు. దీనిని "గాలి నీడ" అనవచ్చును. ఓడకు ముందుగా దాటిపోగలనని లెక్క వేసికొని బయలుదేరిన పడవ, సరిగా ఓడ దగ్గరకు వచ్చిన తరువాత తెరచాప వాలి నిలిచిపోవచ్చును. రేవులోని కొండలును గాలిని ఇట్లే అడ్డుచుండును. దాని దిశను త్రిప్పుచుండును.

ఈ అశక్తతలు ఉన్నను, చిన్న పడవకు ఒక గొప్ప సౌకర్యము కలదు. దానికి లోతైన నీరు అక్కరలేదు. కాలువ అంచు దాటి లోతు తక్కువ నీటిలోనికి పోయినను దానికి భయము లేదు. కొలది మీటర్ల స్థలములోనే అది వెనుకకు తిరుగగలదు. పెద్ద ఓడకు లేనిది ఇదియే.

పెద్ద ఓడ చేయలేని పని

ఒక లెక్క వేసి చూతము. ఓడ, దానిలోని సరకు కలిసి 60,000 టన్నులు అనుకొందము. దాని వేగము గంటకు 10 నాటికల్ మైళ్ళు. అనగా సెకనుకు సుమారు 5 మీటర్లు. మనిషి పరుగెత్తినంత వేగమే. గతిజశక్తి ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించిన వచ్చును. ఈ ఓడ గతిజశక్తి 75 కోట్ల జౌళ్ళు. రహదారిపై గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు 40 టన్నుల లారీ గతిజశక్తి 80 లక్షల జౌళ్ళు మాత్రమే. అనగా మెల్లగా కదలు ఆ ఓడలో, వేగముగా పోవు లారీలు తొంబదికి పైగా కలిసినంత శక్తి కలదు.

ఇప్పుడు ఆపు సంగతి చూతము. లారీ చక్రములకును తారు రోడ్డునకును నడుమ ఒరిపిడి కలదు. ఆ ఒరిపిడి బలము 2 లక్షల న్యూటనులు అనుకొన్నచో లారీ 4 సెకనులలో, 40 మీటర్ల దూరములో ఆగును. ఓడకు బ్రేకులు లేవు. నీటిని పట్టుకొనుటకు చక్రములు లేవు. ఆగవలెనన్నచో యంత్రమును వెనుకకు త్రిప్పవలెను. అట్లు త్రిప్పగా 6 లక్షల న్యూటనుల బలము దొరకినదని అనుకొందము. లారీకి దొరకినదానికి ఇది మూడు రెట్లు మాత్రమే. కాని ఆపవలసిన ద్రవ్యరాశి పదునైదు వందల రెట్లు. ఈ బలముతో ఓడ వేగము సెకనునకు సెంటీమీటరు చొప్పున మాత్రమే తగ్గును. పూర్తిగా ఆగుటకు 500 సెకనులు, అనగా ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. ఈలోగా ఓడ 1,250 మీటర్లు ముందుకు పోయియుండును.

ఇవి విద్యార్థులకు సులభముగా ఉండుటకు తీసికొన్న అంకెలు. నిజమైన ఓడల విషయములో అంతర్జాతీయ నౌకాసంస్థ 2002లో ఒక ప్రమాణమును నిర్ణయించెను. పరీక్షావేగముతో పోవుచున్న ఓడ, యంత్రమును పూర్తిగా వెనుకకు త్రిప్పినప్పుడు, సామాన్యముగా తన పొడవునకు 15 రెట్లు దాటకుండ ఆగవలెను. ఓడ పొడవు 230 మీటర్లు అనుకొన్నచో ఈ హద్దు 3,450 మీటర్లు. అనగా మూడు కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన తరువాత ఆగిన ఓడ కూడ మంచి ఓడయే.

"ఆగలేకపోయినచో తిరుగవచ్చును గదా" అని విద్యార్థి అడుగవచ్చును. ఇరుకు కాలువలో తిరుగుటకు చోటు లేదు. పైగా ఓడ కారు వలె తిరుగదు. చుక్కాని వెనుక భాగమున ఉండుటచే, మొన ఒక వైపునకు తిరుగునప్పుడు వెనుక భాగము రెండవ వైపునకు విసరినట్లు పోవును. కాలువలో ఓడ మొనను తప్పించినచో వెనుక భాగము గట్టునకు తగులును.

"పోనీ, అతి మెల్లగా పోరాదా?" అను ప్రశ్నయు న్యాయమైనదే. చుక్కాని పనిచేయుటకు దాని ప్రక్కనుండి నీరు వేగముగా పారవలెను. ఆ బలము వేగవర్గమును అనుసరించి యుండును. వేగము సగమైనచో చుక్కాని బలము నాలుగవ వంతు అగును. కావున కొంత వేగమునకు తగ్గిన తరువాత ఓడ చుక్కాని మాట వినదు. గాలికిని ప్రవాహమునకును లోబడి పోవును. అందుచేతనే టగ్గులు అను బలమైన చిన్న ఓడలు పెద్ద ఓడను త్రాళ్ళతో లాగుచు, ప్రక్కలనుండి త్రోయుచు రేవులో సహాయపడును.

ఇంకొక విచిత్రము కలదు. ఇరుకైన, లోతు తక్కువైన కాలువలో ఓడ పోవునప్పుడు, దాని అడుగునకును నేలకును నడుమనున్న సన్నని సందులోనుండి నీరు వేగముగా వెనుకకు పారును. వేగము పెరిగినచోట పీడనము తగ్గునని బెర్నూలీ సూత్రము. ఈ కారణముచే ఓడ కొంత క్రిందికి దిగును. అడుగున నీరు తక్కువగా ఉన్నచోట ఇది అపాయము. అదే విధముగా ఒక గట్టునకు దగ్గరగా పోయినచో, ఓడ వెనుక భాగమును ఆ గట్టు లాగినట్లు కనిపించును. కావున చిన్న పడవను తప్పించుటకై కాలువ నడుమనుండి ప్రక్కకు జరిగిన ఓడ, తన అధీనములో తాను ఉండకపోవచ్చును.

చివరకు చూపు సంగతి. ఓడను నడుపు అధికారి నిలుచు గది అనేక ఓడలలో వెనుక భాగమున ఉండును. ముందునున్న సరకు పెట్టెలును, ఓడ మొనయు అతని చూపునకు అడ్డు. అంతర్జాతీయ నియమము ప్రకారము, ఓడ మొనకు ముందు కనబడని నీటి దూరము రెండు ఓడల పొడవును గాని, 500 మీటర్లను గాని, ఏది తక్కువయో దానిని మించరాదు. అనగా చట్టము ప్రకారము కట్టిన ఓడ ముందు కూడ కొన్ని వందల మీటర్ల దూరములో నున్న తెప్ప అధికారికి కనబడకపోవచ్చును. కొయ్య పడవ, గుడ్డ తెరచాప రాడారు తరంగములను బాగుగా పరావర్తనము చేయవు. పడవలోనివానికి ఓడ కొండ వలె కనబడుచున్నది గనుక, ఓడవానికి తాను కూడ కనబడుచున్నానని అతడు భావించుట సహజము. ఆ భావన తప్పు.

విశాఖపట్టణము కాలువ

ఈ విషయములన్నియు ఒకేచోట కనబడు స్థలము విశాఖపట్టణము. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరమున చర్చి, దర్గా, దేవాలయము గల మూడు కొండలు. వాని నడుమనుండి లోపలి రేవునకు పోవు కాలువ. ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి లోపలి రేవును నిర్మించిరి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అను ఓడ మొదటగా ఈ రేవులో ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. రేవును కట్టునప్పుడు ముఖమున అలల తాకిడిని తగ్గించుటకు రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచివేసిరి. 1976లో వెలుపలి రేవు వచ్చినది. దాని ప్రక్కనే చేపల రేవు కలదు.

లోపలి రేవునకు పోవు పెద్ద ఓడల పొడవు, ఆ కాలువ వెడల్పు కంటె ఎక్కువ. ఈ ఒక్క విషయము చాలును. ఆ కాలువలో ప్రవేశించిన ఓడ అడ్డముగా తిరుగజాలదు, నడుమ లంగరు వేసి నిలువజాలదు, వెనుకకు పోజాలదు. రేవునకు చెందిన పైలట్ ఓడనెక్కి, టగ్గుల సహాయముతో దానిని లోపలికి తీసికొని పోవును. ఎన్నో ఏండ్ల అనుభవము గల పైలట్ కూడ ఓడ మొన ముందు వచ్చిన తెప్పను చూచి చేయగలిగినది అత్యల్పము.

ఈ తీరమున మత్స్యకారులు తరతరములుగా కొయ్య దుంగలు కట్టిన తెప్పలపై తెరచాప ఎత్తి వేటకు పోవుచుండిరి. ఇప్పుడు ఫైబరు పడవలకు మోటారులు వచ్చినవి. నియమముల దృష్టిలో మోటారు నడచుచున్న పడవ, తెరచాప ఎత్తియున్నను, యంత్రపు నావయే. అట్లు పోవు తెరచాప పడవ పగటిపూట మొన క్రిందికి ఉండునట్లు ఒక నల్లని శంకువును వ్రేలాడగట్టవలెను. కాకినాడలో సంగతి కొంత వేరు. అక్కడ పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసి నిలువగా, సరకును చిన్న నావలలో ఒడ్డునకు చేర్చు పద్ధతి చిరకాలము సాగినది. హోప్ దీవి చాటున నున్న ఆ నీటిలో తెరచాపలతో పోవు నావలును, నిలిచిన ఓడలును కలిసి మెలగెను. లంగరుపై నిలిచిన ఓడ కదలదు గనుక, దానిని తప్పించుకొనిపోవలసినది కదలుచున్న నావయే.

తొమ్మిదవ నియమము

ఇరుకు కాలువలను గూర్చి చెప్పునది తొమ్మిదవ నియమము. అందలి ముఖ్యవిషయములు ఇవి:

ఒకటి. కాలువ వెంట పోవు ప్రతి నావయు, క్షేమమైనంత వరకు, తన కుడి ప్రక్కనున్న అంచునకు దగ్గరగా పోవలెను. మన రహదారులపై ఎడమవైపున పోవుట ఆచారము. సముద్రముపై అన్ని దేశములలోను కుడివైపు. ఎదురెదురుగా వచ్చు రెండు యంత్రపు ఓడలు కూడ కుడివైపునకే తిరిగి, ఒకదాని ఎడమ ప్రక్కను మరియొకటి దాటవలెను.

రెండు. పొడవు 20 మీటర్ల కంటె తక్కువైన నావ గాని, తెరచాప నావ గాని, కాలువలోనే క్షేమముగా పోగల ఓడ మార్గమునకు అడ్డు రారాదు. ఇక్కడ తెరచాప ప్రాధాన్యము పోయినది. పదునెనిమిదవ నియమమే తొమ్మిదవ నియమమునకు లోబడియుండునని స్పష్టముగా చెప్పుచున్నది.

మూడు. చేపలు పట్టుచున్న నావ కాలువలో పోవు ఏ నావకును అడ్డు రారాదు.

నాలుగు. కాలువను అడ్డముగా దాటుట వలన పెద్ద ఓడకు అడ్డంకి కలుగునట్లైనచో దాటరాదు.

ఐదు. తప్పనిసరియైననే తప్ప కాలువలో లంగరు వేయరాదు.

"అడ్డు రారాదు" అను మాటకు అర్థము జాగ్రత్తగా గ్రహింపవలెను. ఢీకొను ప్రమాదము ఏర్పడిన తరువాత తప్పుకొనుట కాదు. అట్టి ప్రమాదమే ఏర్పడకుండ, పెద్ద ఓడకు చాలినంత చోటు మిగులునట్లు, ముందుగానే దూరమగుట. అంత మాత్రముచే పెద్ద ఓడ బాధ్యత తీరిపోదు. ఏ కారణముచేతనైనను ప్రమాదము ఏర్పడినచో, ఆ ఓడ కూడ తక్కిన నియమములనన్నిటిని పాటింపవలసినదే. నిరంతరము కావలి చూచుట, పరిస్థితికి తగిన వేగముతో పోవుట అన్ని నావలకును విధి. కొడికొండ దగ్గర లారీ నడుపువాని విధి వంటిదే ఇది.

తెరచాప పడవలు రెండు తమలో తాము ఎదురైనప్పుడు వేరొక నియమము కలదు. గాలిని ఎడమ ప్రక్క తీసికొన్న పడవ, కుడి ప్రక్క తీసికొన్న పడవకు దారి ఇయ్యవలెను. రెండింటికిని ఒకే ప్రక్క గాలి తగులుచున్నచో, గాలి వచ్చు వైపుననున్న పడవ తొలగవలెను. తెరచాప పడవయైనను వెనుకనుండి వచ్చి ఇంకొక నావను దాటునప్పుడు, దాటునదే తొలగిపోవలెను.

ప్రమాదమును ముందుగా గుర్తించుట

ఢీకొను ప్రమాదము కలదా లేదా అని తెలిసికొనుటకు నావికులు వాడు పరీక్ష అతి సులభమైనది. ఎదుటి నావ దిక్సూచిపై ఏ దిశలో కనబడుచున్నదో చూడవలెను. కొంతసేపైన తరువాత మరల చూడవలెను. దూరము తగ్గుచుండియు ఆ దిశ మారకున్నచో ప్రమాదము కలదు.

దీనిని పాఠశాల ఆటస్థలములోనే చేసి చూడవచ్చును. సున్నముతో రెండు గీతలను సమకోణములో గీయుడు. ఒక విద్యార్థి కూడలికి 30 మీటర్ల దూరములో ఒక గీతపైనను, ఇంకొకడు 20 మీటర్ల దూరములో రెండవ గీతపైనను నిలువవలెను. మొదటివాడు మూడడుగులు వేయునంతలో రెండవవాడు రెండడుగులు వేయుచు, ఇద్దరును సమానమైన అడుగులతో కూడలివైపు నడువవలెను. మొదటివాడు తన గీతకును, రెండవవాడు కనబడు దిశకును నడుమనున్న కోణమును అప్పుడప్పుడు కొలిచినచో అది మారదు. ఇద్దరును కూడలిలో కలిసికొందురు. కూడలితో కలిపి ఏర్పడు త్రిభుజములన్నియు సరూప త్రిభుజములగుటయే దీనికి కారణము. ఇప్పుడు రెండవవాని వేగమును సగము చేసి చూడుడు. కోణము మారుచుండును, మొదటివాడు ముందుగా దాటిపోవును. ఈ ప్రయోగములో రేఖాగణితము, సాపేక్ష వేగము రెండును కలవు.

ఒక హెచ్చరిక అవసరము. ఎదుటి ఓడ చాల పెద్దదైనప్పుడు, లేదా దగ్గరగా ఉన్నప్పుడు, దిశ మారుచున్నను ప్రమాదము ఉండవచ్చునని నియమావళియే చెప్పుచున్నది. ఓడ మొనకు ముందుగా దాటిన పడవకు కోణము మారినట్లు కనబడును; కాని ఓడ 200 మీటర్ల పొడవు గల గోడ. దానిలో ఏ భాగము తగిలినను తగిలినట్లే.

ధ్వనులు, గుర్తులు

ఓడ తన ఉద్దేశమును కూతల ద్వారా తెలుపును. సెకను కాలపు పొట్టి కూత ఒకటి వేసినచో కుడివైపునకు తిరుగుచున్నదని అర్థము. రెండు కూతలు ఎడమవైపునకు. మూడు కూతలు యంత్రము వెనుకకు త్రిప్పబడుచున్నదని. వెంటవెంటనే ఐదు గాని, అంతకు మించి గాని వినబడినచో, "నీ ఉద్దేశము తెలియుట లేదు, నీవు చేయుచున్నది చాలునా?" అని ప్రశ్నించుచున్నదన్నమాట. ఈ ఐదు కూతలు విన్న చిన్న పడవ వెంటనే చుట్టును చూడవలెను. అవి తన కొరకే కావచ్చును.

లోతు చాలక దారి తప్పుకొనలేని ఓడ, పగలు ఒక స్తూపాకారపు గుర్తును, రాత్రి ఒకదానిపై నొకటిగా మూడు ఎఱ్ఱ దీపములను చూపవచ్చును. చిన్న పడవకు కావలసిన దీపము అంతకంటె సులభము. 7 మీటర్లకు తక్కువైన తెరచాప పడవ నిర్ణయింపబడిన దీపములను పెట్టుకొనలేకపోయినచో, తెల్లని వెలుగునిచ్చు టార్చిలైటునైనను సిద్ధముగా ఉంచుకొని, ప్రమాదము తప్పుటకు చాలినంత ముందుగా చూపవలెను. ఈ చిన్న వస్తువు లోపించినందున పోయిన ప్రాణమునకు వెల కట్టుట ఎట్లు?

రెండు ప్రమాదములు

2011 ఆగస్టు 6న ఇంగ్లండు దక్షిణ తీరమున సోలెంట్ అను జలసంధిలో పడవపందెములు జరుగుచుండెను. అక్కడ 150 మీటర్లకు మించిన ఓడ వచ్చునప్పుడు, దాని ముందు 1,000 మీటర్లు, ఇరుప్రక్కల నూరేసి మీటర్లు చిన్న నావలు ప్రవేశింపరాని ప్రాంతము. ఓడ కదలినకొలది ఆ ప్రాంతమును కదలును. పందెములోని ఒక తెరచాప పడవ, హానె నట్సన్ అను చమురు ఓడ ముందునకు వచ్చెను. పడవ పెద్ద తెరచాప ఓడ లంగరునకు చిక్కుకొని, స్తంభము విరిగిపోయెను. పడవలోనివాడొకడు నీటిలోనికి దుమికెను. అదృష్టవశమున ఎవరును మరణింపలేదు. 2013లో న్యాయస్థానము, సరియైన కావలి చూడలేదనియు, పెద్ద ఓడకు అడ్డు వచ్చెననియు పడవ నడిపినవానిని దోషిగా నిర్ణయించి జరిమానా విధించెను. తెరచాపకు ప్రాధాన్యము కలదన్న మాట అక్కడ చెల్లలేదు.

రెండవది మన దేశమున జరిగినది. 2017 జూన్ 11 తెల్లవారుజామున కొచ్చి తీరమునకు వెలుపల ఒక విదేశీ సరకు ఓడ చేపల బోటును ఢీకొనగా మత్స్యకారులు మరణించిరి. అది ఇరుకు కాలువ కాదు, సముద్రము. అక్కడ తొలగుటకు చోటు లేదన్న మాట పెద్ద ఓడ చెప్పజాలదు. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో నియమావళి ఆంతర్యము బోధపడును. చోటు లేనిచోట చిన్నవాడు ముందుగా తొలగవలెను. చోటు ఉన్నచోట పెద్దవాడు కన్నులు తెరచి తొలగవలెను.

మన నావికులు

తెరచాప విద్య తెలుగువారికి పాతదే, క్రొత్తగను వచ్చుచున్నది. హైదరాబాదు హుస్సేన్ సాగరములో ఏటేట పడవపందెములు జరుగుచుండును. రెండు మీటర్లకు కొంచెము మించిన ఆప్టిమిస్ట్ పడవలలో బాలబాలికలు ఈ నియమములనే నేర్చుకొనుచున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగి వచ్చిన భారత నౌకాదళపు తెరచాప నావ తారిణి, ఆరుగురు స్త్రీ అధికారులతో భూమిని చుట్టి వచ్చెను. వారిలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి కలరు. తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. దక్షిణ మహాసముద్రములోని తుఫాను అలలను దాటిన ఆ నావ కూడ, ఏ దేశపు రేవు కాలువలోనైనను, 20 మీటర్లకు తక్కువైనందునను, తెరచాప గలదైనందునను, సరకు ఓడకు అడ్డు రాకుండ ప్రక్కకు పోవలసినదే. దానివలన దాని గౌరవమునకు కొరత కలుగదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును గతిజశక్తి పాఠముతోను, సరూప త్రిభుజముల పాఠముతోను కలిపి బోధింపవచ్చును. రేవు ముఖమున దారి ఎవరిది అని అడిగినప్పుడు విద్యార్థి ఒక నావ పేరు చెప్పి ఊరకుండరాదు. "ఎవరు ఆగగలరు? ఎవరు తిరుగగలరు? ఎవరికి ఎంత లోతు కావలెను? ఎవరు ఎవరిని చూడగలరు?" అని నాలుగు ప్రశ్నలు వేయవలెను. సమాధానములు వచ్చిన పిదప ఎవరు తొలగవలెనో తానే చెప్పగలడు. కొడికొండ దగ్గర మందను నిలిపిన కాపరి వేసికొనినవి కూడ ఇట్టి ప్రశ్నలే.